ఆడవార్డులో అడగని ప్రశ్న

ఆసుపత్రి ఉద్యోగాల్లో చేరబోయే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ముందుగా ఒక మాట. నేను చెప్పే సంగతుల్ని సగానికి సగం తగ్గించుకుని చదవండి. మా ఆవిడైతే ముప్పావు వంతు తగ్గించుకుని, మిగిలిన పావులో కూడా నన్ను అనుమానంగానే చూస్తుంది. కానీ ఈ కథలో రెండో సగం దగ్గరకొచ్చాక మాత్రం ఏమీ తగ్గించుకోకండి. అక్కడ నేను కలిపింది లేదు. కలపాలన్నా చెయ్యి ఆడలేదు.

నేను ఎముకల వార్డులో సిమెంటు కట్లు కట్టేవాణ్ణి. ముందస్తు రిటైర్మెంటు తీసుకుని ఇంట్లో కూర్చునే నాటికి నేను కట్టిన కట్లన్నీ విప్పి ముడివేస్తే రాజమండ్రి వంతెన మీద నుంచి అవతలి ఒడ్డుకి వెళ్ళి, టీ తాగి, మళ్ళీ ఇవతలి ఒడ్డుకి రావచ్చు. ఊరి పేరు అడక్కండి. రావులపాలెం నుంచి తణుకు వెళ్ళే దారిలో ఎక్కడో ఉందనుకోండి. మా వార్డు ఫ్యాన్లు అమావాస్యకో చుట్టు, పౌర్ణమికో చుట్టు తిరిగేవి. రోగిని చూడ్డానికొచ్చే ప్రతి మనిషీ ఒక హస్తం అరటిపళ్ళు తేవడం మా ప్రాంతపు మర్యాద కాబట్టి, బయట ఎముకలు విరగ్గొట్టుకుని వచ్చినవాళ్ళకంటే మా వరండాలో తొక్కల మీద జారి విరగ్గొట్టుకున్నవాళ్ళే ఎక్కువని నా గట్టి నమ్మకం.

వార్డు ఒకటే పొడుగాటి హాలు. మధ్యలో చెక్క తడిక అడ్డం పెట్టి ఇటు మగవాళ్ళనీ అటు ఆడవాళ్ళనీ వేశారు. మగవైపుకి ఎవడొచ్చినా పేరు అడక్క ముందే మేం అడిగే ప్రశ్న ఒకటుండేది.

“అలవాటుందా?”

ఏ అలవాటని ఎదురు ప్రశ్న వేసినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. కాలు విరిగి విలవిల్లాడుతున్నవాడు కూడా ఆ ఒక్క ప్రశ్నకి కొంచెం సిగ్గుపడి, “ఏదో కొద్దిగానండి” అనేవాడు. కొద్దిగా అంటే రోజుకో సీసా అని మేం రాసుకునేవాళ్ళం. ఎందుకు అడిగేవాళ్ళమంటే, రోజూ తాగే మనిషికి మంచం మీద పడి ఒక్కసారిగా మందు ఆగిపోతే, రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం మొదలవుతుంది. ఒళ్ళంతా చెమట, కంటికి కునుకుండదు, ఆ తర్వాత లేనివన్నీ కనిపిస్తాయి. ఒకాయన మంచం పట్టె పట్టుకుని తణుకు బస్సు నడిపి వార్డంతా టికెట్లు కోశాడు. ఇంకొకాయన దుప్పట్లో పులస చేపలు పట్టి, సిస్టరమ్మకి రెండు ఇవ్వబోయాడు. ముందే తెలిస్తే దానికి మందులున్నాయి, మనిషి నెమ్మదిస్తాడు. తెలియకపోతే మూర్ఛలొచ్చి ప్రాణం మీదికి వస్తుంది. అందుకని పేరు తర్వాత, అలవాటు ముందు.

ఆ ప్రశ్నకి వచ్చే జవాబులు నా కళ్ళ ముందే మారిపోయాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అందరూ సారా మనుషులే. పాలిథీన్ పాకెట్టు మూల కొరికి గొంతులో పోసుకునే రోజులవి. తర్వాత ఆడవాళ్ళు తిరగబడ్డారు, సారా పోయింది. ఆ తర్వాత మొత్తం మందే బందన్నారు. అప్పుడు మా మగరోగులకి బందు లేని యానాంలో బంధువులు ఒక్కసారిగా పుట్టుకొచ్చారు. ప్రతి శనివారం పెద్దమ్మ కూతురి పెళ్ళే. బందు ఎత్తేశాక వీధివీధికీ బ్రాందీ షాపులొచ్చాయి. పాకెట్టు బదులు సీసా వచ్చింది. యాభై ఏళ్ళ ముఖాల పక్క మంచాల మీదికి ఇరవై ఏళ్ళ ముఖాలు వచ్చాయి.

తడిక అవతల మాత్రం ఆ ప్రశ్న లేదు. అంటే పూర్తిగా లేదని కాదు. ఆడవైపు చూసుకునే పెద్ద సిస్టరమ్మ ఒక ప్రశ్న అడిగేది. “అలవాట్లేమీ లేవుగా అమ్మా?” అనేది. అడుగుతూనే తల అడ్డంగా ఊపేది. రోగి కూడా తల అడ్డంగా ఊపేది. అక్కడికి అయిపోయేది. నేనోసారి ఎగతాళి చేస్తే సిస్టరమ్మ నా మీద విరుచుకుపడింది.

“సంసారాలు చేసుకునే ఆడాళ్ళని పట్టుకుని తాగుతావా అని అడగమంటావా? రేపు నా దవడ విరిగితే కట్టు నువ్వే కట్టాలి మరి.”

ఊడ్పులకెళ్ళే ముసలమ్మలు సాయంత్రం గట్టు మీద కూర్చుని కల్లు తాగి పాటలు పాడేవాళ్ళని మాకందరికీ తెలుసు. వాళ్ళు దాచుకునేవాళ్ళు కాదు, మేం పట్టించుకునేవాళ్ళమూ కాదు. తలుపులు వేసుకుని తాగే ఆడవాళ్ళు కూడా ఉంటారన్నది మా ఊహకే అందలేదు. మగవాడు తాగితే జబ్బు, ఆడది తాగితే అవమానం అని మా అందరి లెక్క. జబ్బుని అడుగుతాం గానీ అవమానాన్ని ఎలా అడుగుతాం?

అలాంటి రోజుల్లో అక్క వచ్చింది.

అక్క అంటే ఒక్క నాకు కాదు, వాళ్ళ ఊరంతటికీ అక్కే. సారా ఉద్యమం రోజుల్లో వాళ్ళ ఊళ్ళో కొట్టు మూయించిన మనిషి. పాకెట్ల బస్తాలు కాలవలో పారబోయిస్తే మూడు ఊళ్ళ దిగువన చేపలు అడ్డంగా ఈదాయని చెప్పుకునేవాళ్ళు. అప్పట్లో మొగుడే ఊళ్ళోకెల్లా పెద్ద తాగుబోతు. ఆయన్ని పట్టపగలు నడివీధిలో నిలబెట్టి చీపురు తిరగేసి కొట్టిందనీ, ఆ దెబ్బతో ఆయనతో పాటు ఆ వీధిలో మగాళ్ళందరూ మానేశారనీ ప్రతీతి. అక్కకి నలభై అయిదేళ్ళుంటాయి. నల్లగా, బలంగా, రూపాయంత బొట్టుతో, ఎదురుగా నిలబడితే కలెక్టరు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేలా ఉండేది.

బడి పక్కన కొత్తగా పెట్టిన బ్రాందీ షాపు తీయించమని అర్జీ ఇవ్వడానికి ఆడవాళ్ళని వేసుకుని ఆటోలో వెళుతుంటే, కాలవ గట్టు మీద ఆటో తిరగబడింది. మిగిలినవాళ్ళకి గీరుకుపోయింది. అక్కకి తొడ ఎముక విరిగింది. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి కట్టింది. కాలికి తాడు కట్టి, తాడు చివర బరువు వేలాడదీసి, ఆపరేషను దాకా కదలకుండా పడుకోబెట్టాం. సిస్టరమ్మ అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపుతూ అడిగింది. అక్కా ఊపింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆ ప్రశ్నకే నవ్వారు.

మొదటి రోజు అక్క పడుకున్న చోట నుంచే వార్డుని పరిపాలించింది. మరుగుదొడ్లు కడిగించింది. స్ట్రెచ్చరు తోసేవాడు రోగి దగ్గర చెయ్యి చాపితే, ఆ చెయ్యి వెనక్కి పోయేలా చూసింది. నా కట్టు చూసి, “కట్టు బాగానే ఉంది గానీ బాబూ, ఈ గుడ్డ ఉతికి ఎన్నాళ్ళయింది?” అంది. నేను దాదాపు సెల్యూట్ కొట్టాను.

ఆవిడ మొగుడు మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. పీలగా, భుజమ్మీద తువ్వాలుతో, ఎవరేమన్నా “మరేనండి” అనే మనిషి. ఆయన మానేశాడన్నది పాత కథ. ఈ మధ్య మళ్ళీ మొదలుపెట్టాడని అక్కతో వచ్చిన ఆడవాళ్ళు వచ్చిన గంటలోనే మాకు చెప్పారు. వాళ్ళలో అక్కకి కుడిభుజం లాంటిదొకావిడ ఉంది. గొంతు విప్పితే తడిక అవతల మగాళ్ళు కూడా దుప్పట్లు సర్దుకునేవాళ్ళు. ఆయన్ని బావగారూ అంటూనే చీల్చి చెండాడేది.

“ఏం బావగారూ, గొంతు పిడచకట్టుకుపోతన్నట్టుందే! ఎదరే ఉంది షాపు, ఎల్లొచ్చెయ్యండి.”

“లేదమ్మా, నేనిక్కడే ఉంటాను.”

“ఉంటారు, ఉంటారు. చీకటి పడ్డాక ఉంటే అప్పుడు చెప్పండి.” మా వైపు తిరిగి, “రోజూ సాయంత్రం క్వార్టరు సీసా తువ్వాల్లో చుట్టుకుని ఇంటికెళ్ళే మనిషండి. సెంటర్లో అందరూ చూస్తారు. పాపం మా అక్క, ఊరందర్నీ మాన్పించి ఈయన్ని మాత్రం రెండోసారి మాన్పించలేకపోయింది. వీధిలో ఎన్నిసార్లు తిట్టిందో అడగండి” అనేది.

“తిట్టింది, తిట్టింది” అనేవాడాయన, అదేదో సన్మానం జరిగినట్టు.

వార్డంతా ఆయన్ని అలాగే చూసింది. స్వీపరు నుంచి సిస్టరమ్మ దాకా తలా ఓ నీతి చెప్పారు. నేనూ తక్కువ తినలేదు. ఎండిపోయిన సిమెంటు ముక్క మీద పెన్సిలుతో కాలేయం బొమ్మ గీసి, అది ఎలా కుళ్ళుతుందో గంటసేపు ఉపన్యాసమిచ్చాను. ఆయన బొమ్మని శ్రద్ధగా చూసి, “బాగా గీసేరండి” అన్నాడు.

రెండో రోజుకి అక్క మాట్లాడటం తగ్గించింది. నిద్ర లేదంది. చెమట్లు పోస్తున్నాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణికి జాకెట్టు తడిసింది. దెబ్బకి బెదిరిందన్నారు ఆడవాళ్ళు. నొప్పికి అన్నాం మేం. ఆ మర్నాడు పొద్దున్న నేను తాడు సరిచేయడానికి వెళ్ళేసరికి అక్క కళ్ళు పైకప్పు మీదున్నాయి. వేళ్ళు దుప్పటి మీద ఏవో ఏరుతున్నాయి.

“కోడిపిల్లలు… తోలండే… బియ్యంలో పడతన్నాయి…”

చూస్తుండగానే సెలైన్ సీసా ఆవిడ కంటపడింది. ఒక్కసారిగా లేవబోయింది. బరువు కట్టిన కాలు లాగేసింది. ఆ కేకకి మగవైపు నలుగురు లేచి కూర్చున్నారు.

“సారా! అదిగో సారా! పట్టుకోండే, పగలగొట్టండే!”

చేతిలో సూది పీకేసి గొట్టం పట్టి గుంజింది. సీసా నేల మీద పడి పగిలింది. నేనూ సిస్టరమ్మా ఆవిడ మొగుడూ కలిసి పట్టుకుంటేగానీ ఆవిణ్ణి పడుకోబెట్టలేకపోయాం.

అప్పుడు జరిగింది మీకు చెబితే నమ్మరు. వార్డు చప్పట్లు కొట్టింది. కుడిభుజం కళ్ళొత్తుకుంటూ, “చూశారా! ఒళ్ళు తెలీకపోయినా సారా మీదే పోరాడతంది. అక్కంటే అక్కేనండి!” అంది. పక్క మంచం ముసలమ్మ దణ్ణం పెట్టింది. మగవైపు అచ్చం అవే చేతులూ అవే చెమట్లూ వందసార్లు చూసినవాళ్ళం అక్కడే నిలబడి ఉన్నాం. ఆ కేకతో ఎవరికైనా ఏదైనా అనుమానం ఉంటే అది కూడా చచ్చిపోయింది. సారా సీసా పగలగొట్టమని అరిచే మనిషి తాగుతుందని ఎవరనుకుంటారు?

డాక్టరుగారు వచ్చారు. ఎముకల డాక్టరు. పొడుగ్గా, తక్కువ మాటలతో, ఏడాదికోసారి నవ్వే మనిషి. ఆ ఏడాది నవ్వు అప్పటికే అయిపోయింది. నాడి చూశారు, కళ్ళలో లైటు వేసి చూశారు, నుదుటి బొప్పి నొక్కి చూశారు. చాలాసేపు ఆ వేళ్ళని చూస్తూ నిలబడ్డారు. నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అన్నారు.

“ఇదే మగవైపు అయితే కళ్ళు మూసుకుని మందు రాసేవాణ్ణయ్యా. కానీ తలకి దెబ్బ ఉంది. లోపల రక్తం గడ్డకట్టి ఇలా అవుతుంటే, మత్తుమందు ఇచ్చి నేనే చంపినట్టవుతుంది. అది కాకపోతే, ఇవ్వకుండా చంపినట్టవుతుంది.”

రెండింట్లో ఏదో తెలియాలి. తల ఫోటో తీసే యంత్రం మాకు లేదు, రాజమండ్రి పంపాలి. అంబులెన్సు బాగుచేతకెళ్ళి ఏ షెడ్డులో ముసలిదవుతోందో తెలియదు. లాగి కట్టిన కాలు మామూలు కారులో పట్టదు. పెద్ద వ్యాను ఒకటి మాట్లాడమని ఊరి ఆడవాళ్ళలో ఇద్దర్ని పంపాం. ఆ దారిలో ఆ కుదుపులకి ఆవిడ తట్టుకుంటుందన్న ధైర్యం డాక్టరుగారికి లేదు. చివరికి ఆయన గొంతు సవరించుకుని మంచం దగ్గరికెళ్ళారు.

“ఏం అనుకోకండి. ఈవిడకి అలవాటేమైనా ఉందా?”

ఒక్క క్షణం అరటిపండు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత కుడిభుజం లేచింది.

“ఏంటండీ అడుగుతున్నారు? ఎవర్నండీ అడుగుతున్నారు? ఆవిడెవరో తెలుసా మీకు? ఊరూరా సారా కొట్లు మూయించిన మనిషిని పట్టుకుని అలవాటుందా అంటారా! చదువుకున్నోరు కదా, నోరెలా వచ్చిందండీ మీకు?”

“అమ్మా, వైద్యం కోసం…”

“వైద్యం చేతకాకపోతే చెప్పండి, తీసుకుపోతాం. బావగారూ, మీరు మనిషేనా? పెళ్ళాన్ని అంత మాటంటే ఉలకరు, పలకరు!”

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన స్టూలు మీంచి లేచాడు. పెళ్ళాం ముఖం చూశాడు, నేల చూశాడు.

“మా ఆవిడకి అలాంటివేం లేవండి.”

డాక్టరుగారు తల ఊపి వెనక్కి తిరిగారు. ఆయన మెడ కూడా ఎర్రబడటం నేను ఆరోజే చూశాను.

వ్యాను కోసం ఎదురుచూస్తున్నాం. అక్క పెదాలు ఎండిపోయాయి. ఆవిడ మొగుడు ఫ్లాస్కులోంచి పాలు దాని మూతలోకి వంచాడు, అంచుదాకా. ఒక చేత్తో ఆవిడ తల ఎత్తి, రెండో చేత్తో మూత పెదాల దగ్గర పెట్టాడు. డాక్టరుగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కుడిభుజం కోపం ఇంకా చల్లారలేదు.

“ఆ ప్రశ్నేదో ఈయన్ని అడగండి డాక్టరుగారూ, సరిగ్గా సరిపోద్ది. రోజూ క్వార్టరు కొట్టే మనిషి.”

డాక్టరుగారు కిటికీ దగ్గర్నుంచి కదిలారు.

“ఏమయ్యా, ఇక్కడికొచ్చాక ఏమైనా పుచ్చుకున్నావా?”

“లేదండి. ఇక్కడే ఉన్నానండి.”

“అది నిజమేనండి,” అంది సిస్టరమ్మ, “కుళాయి దాకా తప్ప ఈయన ఎక్కడికీ కదల్లేదు. రాత్రిళ్ళు కూడా ఇదే స్టూలు.”

“ఆ మూత కింద పెట్టు. చేతులు ముందుకి చాపు.”

ఆయనకి అర్థం కాలేదు. చాపాడు. గోళ్ళ సందుల్లో మట్టి, అరచేతుల్లో కాయలు. రెండు చేతులూ గోడకి కొట్టిన మేకుల్లా నిలబడ్డాయి. రోజూ సీసా తాగే మనిషి, రోజుల తరబడి చుక్క లేకుండా కూర్చున్న మనిషి, అంచుదాకా నింపిన పాలు ఒక్క బొట్టు ఒలకకుండా తాగించాడు. అదే మంచం మీద, జీవితంలో తాగి ఎరగని మనిషి చేతులు ఎండుటాకుల్లా కొట్టుకుంటున్నాయి.

డాక్టరుగారు ఆ చేతుల వంకా ఈ చేతుల వంకా చూశారు. ఆయనకి తెలిసిపోయింది. నాకూ తెలిసిపోయింది. సిస్టరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఈయన్ని నా గదిలోకి తీసుకురా” అన్నారు నాతో.

“ఏంటండీ, ఇప్పుడు ఈయనక్కూడా వైద్యం చేస్తారా?” అంది కుడిభుజం వెనకనుంచి.

గదిలో ఆయన కుర్చీలో కూర్చోలేదు. తలుపు మూసి ఉందో లేదో రెండుసార్లు చూశాడు.

“ఆ సీసా ఎవరికయ్యా కొంటున్నావు?” అన్నారు డాక్టరుగారు.

“నాకేనండి.”

“నీకు కాదు. నీ చేతులు చెప్పేశాయి.”

ఆయన తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు.

“ఆవిడ పేరు మీదే బతుకుతన్నామండి మేం. నన్నేమన్నా అనుకోనివ్వండి, నాకలవాటే. ఆవిణ్ణి ఆ మాట అంటే, మంచం మీంచి లేచినా మళ్ళీ పడిపోద్దండి.”

“లేవాలంటే ముందు బతకాలి కదయ్యా.”

“చెప్తే బతుకుద్దాండీ?”

“చెప్పకపోతే మాత్రం బతకదు.”

అప్పుడు చెప్పాడు. గర్భసంచి తీయించుకున్నాక నడుం నొప్పీ, నిద్ర లేకపోవడమూ మొదలయ్యాయట. బాలింతలకి ఇస్తారు కదా, ఓ రెండు మూతలు బ్రాందీ పుచ్చుకో, బలమొస్తుందని పుట్టింటివైపు ముసలావిడ ఎవరో చెప్పిందట. నిద్ర పట్టిందట. మూత గ్లాసైంది, గ్లాసు సీసా అయింది.

“పొద్దున్నే మీటింగులండి, సాయంత్రం అర్జీలండి. ఇంటికొచ్చి తలుపేసుకుని తాగేదండి. తాగాక ఏడ్చేది. తెచ్చిపెట్టకపోతే ఒణుకొచ్చేసేది, చూళ్ళేకపోయేవాణ్ణి. ఆవిడ షాపుకెళ్ళలేదు కదండీ. నేనైతే ఎల్లినా ఎవడూ కొత్తగా అనుకోడు. అందరూ చూసేటట్టే కొనేవాణ్ణి.”

“మరి వీధిలో తిట్టేదంటున్నారుగా?”

“తిట్టాలి కదండీ మరి. తిట్టకపోతే అనుమానమొస్తాది.”

“మానెయ్యమని చెప్పలేదా?”

“చెప్పేనండి. ‘నువ్వెలా మానేశావో చెప్పు, నేనూ మానేస్తా’ అనేది. నేనెలా మానేశానండీ? ఆవిడ కొడితే మానేశాను.” తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. “నేను ఆవిణ్ణి కొట్టలేనుగా.”

సమాధానం చెప్పడానికి డాక్టరుగారు నోరు తెరిచారు. అంతలో వార్డులోంచి సిస్టరమ్మ కేక. పరిగెత్తాం. అక్కకి మూర్ఛ వచ్చింది. మంచం ఇనప పట్టెలు గణగణలాడుతున్నాయి. పాలు వాంతయ్యాయి. ఆ మూర్ఛలోనే కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. అప్పుడు ఇవ్వవలసిన మందు ఇచ్చాం. అది ఎందుకిచ్చామో ఊరి ఆడవాళ్ళకి చెప్పలేదు. మెదడుకి వాపొచ్చింది, దానికి ఇంజక్షను అన్నారు డాక్టరుగారు. ఆయన అబద్ధమాడటం కూడా నేను చూడటం అదే మొదలు. వ్యాను వచ్చింది, అక్కని కదిపే స్థితి లేక కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

మందు పనిచేసింది. మర్నాడు మధ్యాహ్నానికి కోడిపిల్లలు పోయాయి, సారా పోయింది. కళ్ళు మామూలుగా తిరిగాయి. నేను చంకలో థర్మామీటరు పెడుతుండగా మొగుడి కోసం చూసింది. ఆయన వంగాడు.

“చెప్పావా?”

“ఏంటి?”

“అదే.”

“నేనెందుకు చెప్తాను? పడుకో.”

అక్క నా ముఖం చూసింది. నేను థర్మామీటరు చూశాను. అందులో జ్వరం తప్ప నాకేమీ కనిపించనట్టు నిలబడ్డాను. ఆవిడ ఊపిరి వదిలి కళ్ళు మూసుకుంది. ఆ ముఖం మీద నిశ్చింత లాంటిదేదో కనిపించింది. దాన్ని ఇంకా పెద్దగా చేసి చెప్పడం నాకు రాదు.

సాయంత్రానికి జ్వరం పెరిగింది. ఊపిరితిత్తుల్లో గురక మొదలైంది. మాకున్న మందులన్నీ వాడాం, లేనివి బయటినుంచి తెప్పించాం. డాక్టరుగారు ఇంటికి వెళ్ళలేదు. మర్నాడు తెల్లవారాక, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని వచ్చే వేళకి, అక్క పోయింది. ఒక పూట ముందు మందు ఇచ్చి ఉంటే ఏమయ్యేదని ఆ తర్వాత డాక్టరుగారిని ఎన్నోసార్లు అడిగాను.

ఆ తర్వాత నుంచీ ఆయన ఆడవైపు కూడా ఆ ప్రశ్న తానే అడిగేవారు. బంధువులందర్నీ బయటికి పంపి, తల ఊపకుండా, నిదానంగా. మొదట్లో తిట్లు తిన్నారు. తర్వాత్తర్వాత జవాబులు రావడం మొదలయ్యాయి. వడ్లమిల్లులో పనిచేసే మనిషి చెప్పింది, ఆఫీసు నుంచి వచ్చిన మనిషి చెప్పింది, కాలేజీలో చదువుకునే పిల్ల కూడా చెప్పింది. వాళ్ళు కొత్తగా తాగడం మొదలెట్టారో, మేం కొత్తగా అడగడం మొదలెట్టామో నేను చెప్పలేను. రెండూ అయ్యుంటాయి. మీరు రేపు ఏ వార్డులో చేరినా అడగండి. తడిక ఏ వైపున్నా ఒకే గొంతుతో అడగండి. మగవాడు సిగ్గుపడతాడు, పర్వాలేదు. ఆడమనిషి భయపడుతుంది. ఆ భయం ఏమిటో తెలిస్తే ఎలా అడగాలో మీకే తెలుస్తుంది.

ఇక అక్క పోయిన ఆ పొద్దుటి సంగతి.

ఊరంతా దిగింది. ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, సైకిళ్ళ మీద. ఎంతమందో నేను పెంచి చెప్పనక్కర్లేదు, ఆసుపత్రి ఆవరణ చాల్లేదు. అక్కని వరండాలోకి తెచ్చి స్ట్రెచ్చరు మీద ఉంచాం. విరిగిన కాలు దారిలో వేలాడకుండా చెక్క పెట్టి కొత్త గుడ్డతో కట్టాను. ఉతికిన గుడ్డ. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏడ్చారు. ఏడుపు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. కోపానికి ఒక మనిషి కావాలి. ఆయన అక్కడే, స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

“నువ్వేనయ్యా చంపింది!” కుడిభుజం నోట బావగారూ అన్న పిలుపు పోయింది. “రోజూ నీ సీసా చూసి చూసి కుమిలిపోయిందయ్యా అది. ఊరిని బాగుచేసింది, నిన్ను బాగుచేసుకోలేకపోయానే అని ఆ బెంగతోనే పోయింది. ఆ బుర్రకి దెబ్బ తట్టుకునే బలం ఎక్కణ్ణించొస్తది?”

“దాని ముఖం చూసే అర్హత లేదు నీకు” అందింకొకావిడ.

ఎవరో ఆయన తువ్వాలు పట్టి లాగారు. డాక్టరుగారు గదిలోంచి వచ్చారు. “అమ్మా, ఒక్క మాట వినండి. ఈయన…”

ఆయన తల ఎత్తి డాక్టరుగారిని చూశాడు. బతిమాలాడనో, బెదిరించాడనో నేను చెప్పను. చూశాడు, అంతే. డాక్టరుగారు ఆ మాట మింగేశారు.

“ప్రమాణం చెయ్యి,” అంది కుడిభుజం. ఏడుస్తూనే ఆయన చెయ్యి పట్టి స్ట్రెచ్చరు దగ్గరికి లాక్కొచ్చింది. “అది బతికుండగా మాట నిలుపుకోలేదు. ఇప్పుడైనా దాని తల మీద చెయ్యేసి అందరి ముందూ చెప్పు. ఇంక తాగనని చెప్పు. చెప్పకపోతే శవాన్ని వ్యాను ఎక్కనివ్వం.”

సిస్టరమ్మ నా చొక్కా పట్టుకుంది. నన్ను ఆపడానికో, తను పడిపోకుండానో తెలియదు.

ఆయన పెళ్ళాం నుదుటి మీద జుట్టు పక్కకి తీశాడు. బొప్పికి తగలకుండా చెయ్యి పెట్టాడు.

“ఇయ్యాళ్టి నుంచి ముట్టనమ్మా. అక్క మీద ఒట్టు.”

ఊరంతా పిలిచే పిలుపే ఆయనా పిలిచాడు. ఆడవాళ్ళు ఒక్కసారిగా భోరుమన్నారు. కుడిభుజం ఆయన చెయ్యి వదిలేసి, ఇంతసేపూ తిట్టిన ఆ మనిషి భుజం మీదే తల ఆన్చింది.

“చూశావా బావా, పోతా పోతా కూడా ఒకణ్ణి మాన్పించింది మా అక్క.”

“మాన్పించిందమ్మా” అన్నాడాయన.

వ్యాను వెనక తలుపులు తీశారు. ఆయన ముందుగా ఎక్కి కింద కూర్చుని, దారిలో కుదుపులకి కదలకుండా ఆవిడ విరిగిన కాలు ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు.